ఉడుము: నీరు, చెమ్మ, చెర

తెలుగునాట కనిపించే బల్లుల్లోకెల్లా పెద్దది ఉడుము. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో, మిర్చి తోటల గట్ల మీద తిరిగేది బెంగాల్ ఉడుము. దీని శాస్త్రీయ నామం వారనస్ బెంగాలెన్సిస్. 1802లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త డోడాన్ దీన్ని వర్ణించాడు. బాగా ఎదిగినది మూతి నుంచి తోక కొస దాకా 175 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. దేశంలో పసుపు ఉడుము, ఎడారి ఉడుము, నీటి ఉడుము అని మరో మూడు జాతులున్నా, ఈ మెట్ట పొలాల రైతు ఎరిగింది బెంగాల్ ఉడుమునే.

ఉడుమును చెరలో ఉంచే సందర్భాలు మూడు. జంతుప్రదర్శనశాల ఒకటి. వేటగాళ్ల చేతి నుంచి విడిపించి అటవీ శాఖ కొద్ది రోజులు ఉంచుకోవడం రెండోది. చట్టం ఒప్పుకునే దేశాల్లో పెంపుడు జంతువుగా ఉంచుకోవడం మూడోది. ఎక్కడ ఉంచినా తరచుగా లెక్క తప్పేది నీటి దగ్గరే. తొట్టి నిండుగా ఉన్నా లోలోపల ఎండిపోయి, మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంటాయి. ఉడుము తాగే నీటి మీద కంటే పోగొట్టుకోకుండా దాచుకునే నీటి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆ దాచుకోవడం బొరియలో జరుగుతుంది. మామూలు బోనులో తొట్టి ఉంటుంది, బొరియ ఉండదు.

రేగడి నేలలో నీటి జాడ

పల్నాడులోని రెంటచింతల ఎండలకు పేరుమోసిన ఊరు. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, నల్లరేగడి అంతకు చాలా ముందే పగులుతుంది. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే బంకమన్ను ఇందులో ఎక్కువ. పత్తి కట్టె పీకేసి, మిరపకాయలు కల్లానికి చేరాక, మార్చి నుంచి జూన్ దాకా చేలు బోడిగా పడి ఉంటాయి. నేల నెర్రెలు విచ్చుతుంది. ఆకు నీడ, గడ్డి చెమ్మ ఏవీ ఉండవు.

అలాంటి చోట ఉడుము బతుకు గట్ల మీదికి, వాగు ఒడ్డుకు, సర్కారు తుమ్మ పొదల్లోకి, చెదపుట్టల్లోకి జరుగుతుంది. గట్టు కింద తవ్విన బొరియలోనో, పాత చెట్టు తొర్రలోనో, పుట్ట అడుగునో పగటి ఎండ గడుపుతుంది. పైన నేల పెనంలా కాలుతున్నా, బొరియ లోపల గాలి కదలదు, వేడి తక్కువ, చెమ్మ ఎక్కువ. చెదపుట్ట ఇంకా మేలు. తమ గూడు ఎండిపోకుండా చెదలు నిత్యం చూసుకుంటాయి గనుక అందులోని తేమ పెద్దగా మారదు. ఆడ ఉడుము గుడ్లు పెట్టడానికి పుట్టను ఎంచుకోవడానికి ఇదొక కారణం. ఉడుము గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకులా గట్టిది కాదు, తోలులా మెత్తనిది. అది చుట్టూ ఉన్న మట్టి నుంచి నీటిని పీల్చుకుంటూ నెలల తరబడి ఎదుగుతుంది. మట్టి ఎండితే గుడ్డు సొట్టపడి పాడవుతుంది. అంటే ఉడుముకు నీటి అవసరం గుడ్డులో ఉండగానే మొదలవుతుంది.

ఉడుము పొద్దున్నే ఎండ కాచుకుంటుంది. ఒంట్లో తగినంత వేడి పుట్టాక మేతకు బయల్దేరి, ఎండ ముదిరేలోగా నీడకు చేరుతుంది. పేడపురుగులు, మిడతలు, జెర్రులు, ఎండ్రకాయలు, కప్పలు, ఎలుక పిల్లలు, పక్షి గుడ్లు దాని తిండి. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ ఆఫెన్‌బర్గ్ ఈ జాతి మీదే ఏళ్ల తరబడి పనిచేసి 1994లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. పురుగులు దీని తిండిలో ఎంత పెద్ద పాలు ఆక్రమిస్తాయో అందులో వివరంగా ఉంది. పచ్చి పురుగు ఒంట్లోనైనా, ఎలుక ఒంట్లోనైనా బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. కాబట్టి ఉడుముకు ప్రతి ముద్దా కొంత తాగునీటితో సమానం. చెరలో ఎండబెట్టిన పురుగులు, పొడి మేత వేసేవారు ఆ వాటాను తెలియకుండానే కోసేస్తున్నారు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పల్నాడు మీదుగా ప్రకాశం దాకా వచ్చాక ఈ ప్రాంతంలో నీటి లెక్కే మారింది. కాలువ గట్లు, బోదెలు, మంచినీటి చెరువులు ఉడుముకు కొత్త చోట్లయ్యాయి. ఈదడం, మునగడం దానికి బాగా వచ్చు. నీటి అడుగున పావుగంటకు పైగా ఉండగలదని పరిశీలకులు నమోదు చేశారు. కానీ నిట్టనిలువు సిమెంటు గోడల కాలువ, ఒర కట్టిన బావి దానికి ఉచ్చు. దిగితే గోళ్లకు పట్టు దొరక్క ఎక్కలేదు. ‘ఉడుం పట్టు’ అని ఎంత పేరున్నా నున్నటి సిమెంటు మీద అది చెల్లదు. చెరలో నీటితొట్టి కట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒంట్లో నీటి పొదుపు

మనం నత్రజని వ్యర్థాలను యూరియాగా, నీటిలో కలిపి బయటికి పంపుతాం. ఉడుము వాటిని యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దగా వదిలేస్తుంది. యూరిక్ ఆమ్లం నీటిలో దాదాపు కరగదు గనుక దాన్ని వదలడానికి నీరు పెద్దగా ఖర్చు కాదు. ఉడుముకు మూత్రాశయం కూడా లేదు. కొన్ని తాబేళ్లు మూత్రాశయంలో నీరు నిల్వ చేసుకుని కరువులో వాడుకుంటాయి, ఉడుముకు ఆ వసతి లేదు. మూత్రపిండాల నుంచి వచ్చిన ద్రవంలోని నీటిని పేగు చివర, విసర్జన కుహరం దగ్గర తిరిగి పీల్చుకోవడమే దాని దారి. ఎడారి ఉడుము లాంటి కొన్ని జాతుల ముక్కులో ఉప్పును బయటికి పంపే గ్రంథులు కూడా ఉన్నాయి.

ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందకపోతే యూరిక్ ఆమ్లం బయటికి పోదు. స్ఫటికాలుగా మారి కీళ్లలో, మూత్రపిండాల్లో, గుండె చుట్టూ ఉండే పొరలో పేరుకుంటుంది. దీన్నే గౌట్ అంటారు. పొదుపు కోసం ఏర్పడ్డ పద్ధతే కరువు హద్దు దాటితే ప్రాణం తీస్తుంది.

నీరు ఆవిరై బయటికి పోయే దారులు రెండు: చర్మం, శ్వాస. పొలుసుల తోలు నీటిని బాగానే ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు. శ్వాస సంగతి వేరు. ఉడుము బల్లుల్లో చురుకైనది, పరిగెత్తి వేటాడుతుంది, గాలి ఎక్కువ కావాలి. గొంతు సంచిని ఉబ్బించి ఊపిరితిత్తుల్లోకి గాలిని తోస్తుందని 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మరీ వేడెక్కినప్పుడు నోరు తెరిచి గొంతు ఆడిస్తూ నీటి ఆవిరితో చల్లబడుతుంది కూడా. పొడి గాలిలో, వేడి దీపం కింద, నోరు తెరుచుకుని కూర్చున్న ఉడుము గంట గంటకూ నీరు పోగొట్టుకుంటున్నట్టే.

తాగే తీరు కూడా చెప్పుకోదగ్గది. పాముకున్నట్టే సన్నగా చీలిన నాలుక వాసన పట్టడానికే గానీ నీరు నాకడానికి పనికిరాదు. అందుకే మూతి నీటిలో ముంచి, గొంతు కదిలిస్తూ మింగుతుంది. లోతు లేని పళ్లెంలో వేలెడు నీళ్లు పెడితే సరిగా తాగలేదు.

మనదేశంలో చట్టం

ఇక్కడ ఉడుమును ఇంట్లో పెంచుకోవడం నేరం. ఈ మాటను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో బెంగాల్ ఉడుము ఉంది. ఆ చట్టం ప్రకారం పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. 2022 సవరణ తర్వాత శిక్ష కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, తక్కువలో తక్కువ 25 వేల రూపాయల జరిమానా. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ ఇది ఉంది. ఉడుముల్లో మిగతా జాతులన్నీ కనీసం రెండో అనుబంధంలో ఉన్నాయి. విదేశీ జాతులను ఉంచుకునేవారు 2024లో వచ్చిన నియమాల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

మాంసానికి, తోలుకు, మందుల పేరిట నూనెకు ఉడుములను చాలాకాలంగా పట్టేవారు. దక్షిణాది సంగీత కచేరీల్లో వినిపించే కంజీరకు సంప్రదాయంగా బిగించేది కూడా ఉడుము తోలే. వాయించే ముందు దాని మీద నీళ్లు చిలకరించి శ్రుతి దించుతారు. చట్టం బిగిశాక మేకతోలు, కృత్రిమ పొరలు వాడుకలోకి వచ్చాయి. ‘హత్తా జోడి’ పేరుతో మొక్క వేరని నమ్మించి అమ్మిన వస్తువు నిజానికి మగ ఉడుము జననాంగమేనని 2017లో బయటపడింది. ఆ వ్యాపారం పూజాసామగ్రి ముసుగులో నడిచింది.

బోనులో చెమ్మ నిలపడం

ఇక అసలు విషయం. జంతుప్రదర్శనశాలలకైనా, రక్షణ కేంద్రాలకైనా, విదేశాల్లోని పెంపకందారులకైనా సూత్రం ఒక్కటే. ఉడుముకు ఒకేచోట ఒకే వేడి, ఒకే తేమ ఇవ్వకూడదు. ఎండ కాచుకునే చోటు బాగా వేడిగా, పొడిగా ఉండాలి. దాగే చోటు చల్లగా, చెమ్మగా ఉండాలి. ఈ రెంటి మధ్య అది తన అవసరం కొద్దీ తిరగాలి. ఎండ కాచే రాయి పైభాగం 50 డిగ్రీలు, ఆపైన ఉన్నా పర్వాలేదు, కొద్దిసేపే అక్కడ ఉంటుంది. చల్లని మూల 25 నుంచి 28 మధ్య ఉంటే చాలు. బోనులో గాలి తేమ సగానికి అటూ ఇటూ ఉన్నా, బొరియ లోపల మాత్రం 80 శాతానికి తగ్గకుండా చూడాలి.

దీనికి కావలసింది మట్టి. మూడు నాలుగు అంగుళాలు కాదు, ఉడుము తవ్వుకుని దాక్కోగలిగేంత, అంటే 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు మట్టి. మన నల్లరేగడి ఒక్కటే వేస్తే పనికిరాదు. తడిస్తే గోళ్లకు అంటుకుని గడ్డకడుతుంది, ఆరితే పగులుతుంది, బొరియ నిలవదు. కొంచెం బంక కలిసిన ఎర్ర దుబ్బ మట్టి, ఇసుక, ఎండుటాకు కలిపితే బొరియ కూలకుండా నిలుస్తుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందున నీరు కారకూడదు. పైన తడిపి ఊరుకుంటే లాభం లేదు. గొట్టం దింపి అడుగున నీరు పోస్తే తేమ కింది నుంచి పైకి వస్తుంది, మీది పొర పొడిగా ఉంటుంది. మీదంతా బురదగా ఉంటే ఉడుము పొట్ట కింది పొలుసులకు బొబ్బలు లేచి, చీము పడుతుంది. తేమ ఎక్కువైనా జబ్బే.

జాలీ మూత చాలామందికి తెలియని శత్రువు. దీపం వేడికి గాలి తేలికై జాలీ గుండా పైకి పోతుంది, దాని వెంట చెమ్మంతా పోతుంది, కింది నుంచి పొడి గాలి లోపలికి వస్తుంది. రోజుకు పదిసార్లు నీళ్లు చిలకరించినా నిలవదు. మూత మూసి, పక్కల్లో చిన్న గాలిరంధ్రాలు పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది. అమెరికాలో ఫ్రాంక్ రీటెస్ అనే పెంపకందారు దీపం కింద చెక్కపలకలను సందులు వదిలి అంతస్తులుగా పేర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఉడుము ఏ అంతస్తులో దూరితే ఆ వేడి దొరుకుతుంది, పైగా మూసినట్టుండే ఆ సందులో తేమ నిలుస్తుంది.

తొట్టి విషయానికొస్తే, ఉడుము ఒళ్లంతా మునిగేంత పెద్దది కావాలి. ఒక పక్క గరుకు రాయి వాలుగా పెట్టాలి. ఉడుములు నీటిలోనే విసర్జిస్తాయి కాబట్టి రోజూ మార్చాలి. మురికి నీటితో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి మనుషులకూ సోకుతాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఇంకో జాగ్రత్త అవసరం. పురుగుమందు కలిపిన డ్రమ్మును ఎంత కడిగినా నీటితొట్టిగా వాడరాదు. పత్తికి, మిర్చికి మందు కొట్టడం ఎంత మామూలో, ఖాళీ డ్రమ్ములు పొలాల్లో నీళ్ల పాత్రలు కావడమూ అంతే మామూలు. చెన్నై దగ్గర రోములస్ విటేకర్ 1976లో నెలకొల్పిన మద్రాసు మొసళ్ల కేంద్రంలో నీటి ఉడుముల సంతానోత్పత్తి వివరాలు 1990లో ప్రచురితమయ్యాయి. ఆ జాతికి మడుగు తప్పనిసరి. బెంగాల్ ఉడుముకు మడుగు కంటే ముందు మట్టి కావాలి.

విదేశీ ఇళ్లలో

అమెరికా ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఉడుము మనది కాదు, ఆఫ్రికా నుంచి వచ్చే సవన్నా ఉడుము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పిల్లలను ఓడలకొద్దీ, విమానాలకొద్దీ ఎగుమతి చేశారు. పేరులో సవన్నా ఉంది గనుక ఎండు గడ్డిమైదానపు జంతువని, పొడి ఇసుక, తవుడు పరచిన అద్దపు పెట్టె చాలని చాలాకాలం నమ్మారు. పరిశోధకుడు డేనియల్ బెన్నెట్ ఘనాలో చేసిన పరిశీలనలు ఆ నమ్మకాన్ని చెరిపేశాయి. పిల్లలు కీచురాళ్ల బొరియల్లో దాగుతాయి, పెద్దవి తడినేలలో తవ్వుకుంటాయి, కరువు నెలల్లో తిండి మాని లోపలే ఉంటాయి. పొడి పెట్టెలో ఎలుకలు మేపి లావెక్కించిన సవన్నా ఉడుములు పూర్తి వయసు రాకుండానే మూత్రపిండాలు చెడి చనిపోవడం ఇందువల్లే.

టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇలాంటివి పెంచుకునే తెలుగు పిల్లలకు శీతకాలం పరీక్ష. ఇంటిని వేడి చేసే యంత్రం గదిలో తేమను 30 శాతం కిందికి దింపేస్తుంది. గది గాలిని సరిదిద్దాలని చూడడం దండగ, పెట్టెలో మట్టిని సరిదిద్దాలి. రాష్ట్రాన్నిబట్టి చట్టాలు మారతాయని కూడా తెలుసుకోవాలి. ఫ్లోరిడాలోని కేప్ కోరల్‌లో 1990 ప్రాంతంలో తప్పించుకున్న నైలు ఉడుములు అడవి జంతువులై స్థిరపడ్డాయి. 2021లో ఆ రాష్ట్రం వాటిని నిషేధిత జాబితాలో చేర్చింది.

ఎండిన ఒంటి గుర్తులు

ఆరోగ్యంగా ఉన్న ఉడుము విసర్జనలో తెల్ల భాగం మెత్తగా ఉంటుంది. అది గట్టిపడి, పసుపు, నారింజ రంగుకు తిరిగిందంటే నీరు తక్కువైందని మొదటి కబురు. ఆ తర్వాత నోట్లో లాలాజలం జిగటగా దారాలు సాగుతుంది, కళ్లు లోతుకు పోతాయి, పక్కన చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలుస్తుంది, తోక మొదలు సన్నబడుతుంది. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడడం ఉడుముకు మామూలే. వేళ్ల చుట్టూ, తోక కొసన పాత పొర బిగిసిపోతే మాత్రం రక్తం అందక ఆ భాగం కుళ్లి రాలిపోతుంది. కీళ్లు వాచి, కాళ్లు ఈడుస్తుంటే అప్పటికే గౌట్ ముదిరి ఉంటుంది. దాన్ని అదుపు చేయవచ్చేమో గానీ పేరుకున్న స్ఫటికాలు పూర్తిగా పోవు. మూత్రపిండాలకు చెరుపు చేసే జెంటమైసిన్ వంటి మందులు ఎండిన ఉడుముకు ఇవ్వకూడదని పశువైద్యులకు తెలిసిందే.

విడిపించిన ఉడుముకు మొదటి గంటలు

మన ప్రాంతంలో చెరలో ఉన్న ఉడుము అంటే ఎక్కువగా ఇదే. వేటగాళ్లు కాళ్లు వెనక్కి విరిచి కట్టి, తిండీ నీరూ లేకుండా రోజుల తరబడి సంచిలో ఉంచినది. పైకి కదులుతూ, బుస కొడుతూ ఉంటుంది గనుక బాగానే ఉందనిపిస్తుంది, అక్కడే పొరపాటు. దొరికిందే తడవుగా కోడిగుడ్డో, మాంసమో నోట్లో కుక్కేవారున్నారు. ఎండిన ఒంటికి మాంసకృత్తులు పడితే యూరిక్ ఆమ్లం ఇంకా పెరుగుతుంది. ముందు నీరు, వేడి. తర్వాతే తిండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయడం మరీ ప్రమాదం. శ్వాసనాళపు ద్వారం నోటి ముందు భాగంలోనే ఉంటుంది, పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కట్లు విప్పి, నీడలో ఉంచి, భుజం ఎత్తుకు మించని గోరువెచ్చని నీటిలో 20, 30 నిమిషాలు కూర్చోబెట్టాలి. తల ఎప్పుడూ నీటిపైన ఉండాలి. చాలా ఉడుములు అప్పుడే మూతి ముంచి తాగుతాయి. కళ్లు లోతుకుపోయి, తల ఎత్తలేకపోతే మాత్రం నీటిలో దింపకూడదు. పశువైద్యుడు చర్మం కిందో, పొట్ట కుహరంలోనో, మరీ విషమిస్తే ఎముకలోకో ద్రవాలు ఎక్కించాలి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీలీటర్లు సాధారణ మోతాదు. ఎక్కించే ద్రవం చల్లగా ఉండకూడదు. ఈ జిల్లాలకు దగ్గరలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

తరలించేటప్పుడు గాలి ఆడే తడి గోనెసంచి చాలు, సంచి మూతి వదులుగా కట్టాలి. మిర్చి టిక్కీకి వాడిన గోనె మాత్రం వద్దు. ఎంత దులిపినా కారపు ఘాటు, దుమ్ము పోవు. వాహనంలో ఎండ తగిలే వైపు పెట్టకూడదు.

బావిలో పడినదో, సంచిలో కట్టి అమ్మకానికి తెచ్చినదో మీ కంటపడితే దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయానికి గానీ పోలీసులకు గానీ కబురు చేయండి. బావిలోకి గరుకు దుంగో, వెదురు నిచ్చెనో వాలుగా దించితే చాలాసార్లు అదే ఎక్కి వస్తుంది. అటవీ సిబ్బందో, పోలీసులో వచ్చేదాకా నీడ, కదలని గాలి, పక్కన ఒక తొట్టి నీరు ఉంచండి. ఇంటికి మాత్రం తీసుకుపోకండి.